యాభై ఐదు లీటర్ల బ్యాగు

భూపాలపల్లి,
కార్తీక పౌర్ణమి మర్నాడు

నాయినమ్మకు,

నమస్కారం. ఉత్తరం చూసి పరేషాన్ కాకు, నాకేం కాలేదు. ఇంటి గ్రూపులో పెడితే నాయిన చదువుతాడు. నీ ఫోనుకు పంపినా చదివేది ఆయనే. తన నంబరు చూసి ఎత్తని వాళ్లందరికీ నీ ఫోనుతోనే చేస్తుంటాడు కదా. మన చేతిరాతలు మాత్రం ఆయనకు చదవరావు. అందుకే ఈ కాగితం.

మే నెలలో హిమాలయాల్లో ఆరు రోజుల నడకకు పోతున్నాను. గుంపుగా పోతారు, దారి చూపే మనుషులుంటారు, రాత్రిళ్లు గుడారాల్లో పడుకోవాలి. ఎవరి సామాను వాళ్లే మోయాలి. దసరాకు నా వేలికి ఉంగరం తొడిగిన వరుణ్, అతని దోస్తులు వస్తున్నారు. అతని చెల్లె అలేఖ్య కూడా ఉంది గనక, ఊళ్లో వాళ్లు అనేదేదో కొంచెం తక్కువ అంటారు.

నీతో రెండు పనులున్నాయి. జీవితమంతా పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పావు కాబట్టి, ఇన్ని రోజుల నడకకు పెద్ద బ్యాగు ఎట్లా ఎంచుకోవాలో చెప్పు. తర్వాత నాయినకు ఈ సంగతి చెప్పు. మొదటిది తేలిక.

వరుణ్ తనకు డెబ్బై లీటర్ల బ్యాగు, నాకు ఇరవై లీటర్లది చూసి పెట్టాడు. ఊదారంగు, చాలా ముద్దుగా ఉంది. "నువ్వు పూలు చూసుకుంట నడువు, బరువంత నాకిడిసిపెట్టు" అన్నాడు. గనుల ఆఫీసులో నా పక్క కుర్చీలో కూర్చునే భాగ్య, గిసొంటోడు దొరుకుడు కష్టమే అంది. నాకూ ముచ్చటగానే ఉంది. అయినా నిన్ను అడుగుతున్నాను, ఎందుకో.

నీ
తనూజ

*

జనగామ,
ఆదివారం

చి. తనూజకు,

ఆశీస్సులు. సంచిని లీటర్లలో కొలుస్తారని ఈ వయసులో తెలిసింది. పాలు పోసే చాంద్యాకు చెబితే, "అండ్ల పాలు పోస్తరా అమ్మా" అని అడిగాడు. నీళ్లు కలపకుండా కొలిచే వస్తువు లోకంలో ఒకటుందని చెప్పి పంపాను.

ముందు సంచి కొనకు. ఆరు రోజులకు ఏమేం కావాలో మంచం మీద కుప్ప పోసి చూడు. వెచ్చటి బట్టలు, వాన కోటు, రాత్రి దూరి పడుకునే పరుపుసంచి, పళ్లెం, అటుకులు, మందులు, నీళ్లు. కుప్పను చూశాక సంచి. ముందే పెద్దది కొంటే పనికిరానివన్నీ వచ్చి దూరతాయి, మీ నాయిన పార్టీలో లాగా.

సంచి కొలత నీ పొడుగును బట్టి కాదు, వీపును బట్టి ఉండాలి. మెడ వంచితే వెనక చేతికి తగిలే ఎముక నుంచి, నడుం మీద చేతులు పెడితే బొటనవేళ్లు ఆనే చోటు దాకా కొలిపించు. నీ జాకెట్లు కుట్టే సదానందం ఆ పని చేయగలడు. నడుం పట్టీ వెడల్పుగా ఉండాలి. బరువు తుంటి మీద కూర్చోవాలి, భుజాలు దాన్ని పట్టుకోవాలంతే. బిందె చంకన పెట్టుకున్న ఆడవాళ్లకు ఈ సూత్రం చెప్పే పని ఎవరికీ పడలేదు. బరువైనవి వీపుకు ఆనుకుని మధ్యలో పెట్టు. అడుగున పరుపుసంచి, పైన వాన కోటు. ఖాళీ సంచి దుకాణంలో ఎవరికైనా బాగానే ఉంటుంది. బరువు వేసి నడిచి చూడు.

ఇక ఊదారంగు సంగతి. నీ స్వెటరు అతని వీపు మీద ఉంటే, అతను ఆగి సంచి దించినప్పుడే నీకు చలి వేయాలి. నీ అటుకులు అతని దగ్గరుంటే, అతనికి ఆకలైనప్పుడే నీకూ కావాలి. పిల్లవాడు మంచివాడే కావచ్చు. అది తెలుసుకోవడానికి అటుకులు తాకట్టు పెట్టనక్కరలేదు.

ఇంకొకటి. ఇద్దరి ఆరు రోజుల సామాను, ఇద్దరి పరుపుసంచులు డెబ్బైలో పట్టవు. నీ ఇరవైలో అసలే పట్టవు. ఈ లెక్కలో ఏదో జారిపోతోంది. అతన్నే అడుగు.

మీ నాయినకు ఇంకా చెప్పలేదు. ఆయన ఈ వారమంతా వార్డు రోడ్డు గురించి గంభీరంగా ఉన్నాడు.

నాయినమ్మ

*

భూపాలపల్లి,
పుష్యమాసం

నాయినమ్మకు,

సదానందం టేపు పట్టుకుని, "గిదేం జాకెటమ్మా, ముందట ఏం లేదు?" అన్నాడు. బ్యాగు కోసమంటే, బ్యాగుకు కూడా లైనింగ్ వేయాలా అని అడిగాడు.

హనుమకొండ దుకాణంలో కుర్రాడు మొదట, "సార్ రాలేదా మేడం?" అన్నాడు. సార్ వీపు వేరు, నా వీపు వేరు అన్నాను. అప్పుడు దారికి వచ్చాడు. కుప్ప పోసి చూసుకున్నాను కాబట్టి యాభై ఐదు లీటర్లు సరిపోతాయని తేలింది. వీపు దగ్గర ఎత్తు సవరించుకోవచ్చు, నడుం పట్టీ గట్టిది, వానకు తొడుగు ఉంది. బూడిదరంగు. ముద్దుగా ఏం లేదు.

ఫోటో పంపితే వరుణ్, "నేనుండంగ నీకెందుకది? వాపస్ ఇచ్చెయ్" అన్నాడు. ఇవ్వలేదు.

అసలు కథ ఇక్కడ మొదలైంది. బరువు వేసి నడవమన్నావు కదా. ఇంట్లో బరువైనవేం లేవు. ఇంటి ఓనరు ప్రేమ్‌సింగ్‌ను అడిగితే, "అటక మీద బెల్లం ముద్దలున్నయి, తీస్కపో బిడ్డా" అన్నాడు. పసుపు గుడ్డలో మూట కట్టి ఉన్నాయి. మూటతో సహా బ్యాగులో పెట్టి, రేగొండ రోడ్డు మీద పొద్దు ఎక్కేదాకా నడిచి వచ్చాను. నువ్వు చెప్పింది నిజం, తుంటి మీద కూర్చుంది.

వచ్చేసరికి ఆయన భార్య గంగి గుమ్మంలో నిలబడి ఉంది. ఆ బెల్లం మేడారం మొక్కు. వాళ్ల మనుమడు నిఖిల్‌కు వానకాలంలో జ్వరం ముదిరి దవాఖానలో పడుకుంటే, తగ్గితే వాడి ఎత్తు బంగారం ఇస్తానని తల్లులకు మొక్కిందట. మొన్న వాడిని తక్కెడలో కూర్చోబెట్టి తూచింది. ప్రేమ్‌సింగ్ అప్పుడు పొలంలో ఉన్నాడు, ఆయనకు తెలియదు. తూచాక దాన్ని బెల్లం అనకూడదు, బంగారమే అనాలి. నేను మూడుసార్లు బెల్లం అన్నాను, మూడుసార్లూ సరిదిద్దింది.

"తూకం నుంచి లేసిన బంగారం ఎవల భుజం మీదికెక్కితే ఆల్లే తల్లుల గద్దె మీద దించాలె. మా ఇంటి తీరు గిదే" అంది. బస్సులో తెస్తానన్నాను. "నడ్సి మోసినవు గద, నడ్సే దించు" అంది.

కాబట్టి మాఘంలో జాతరకు నేను నిఖిల్ ఎత్తు బంగారం మోసుకుంటూ మేడారం నడుస్తున్నాను. వాడు బొద్దుగా లేడు, బతికిపోయాను. బ్యాగులో చీమలు పట్టాయి.

తనూజ

*

జనగామ,
జాతరకు ముందు

చి. తనూజకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి గంగి కోసం. ఆవిడ నా బడిలో ఉండాల్సిన మనిషి.

మీ నాయినకు సగం చెప్పాను. "నీ బిడ్డ మేడారం నడిచి పోతోంది, వీపు మీద మొక్కు బంగారం" అన్నాను. మా జగపతి కళ్లలో నీళ్లు తిరిగాయి. వెంటనే గ్రూపులో దండం బొమ్మలు వరసగా పెట్టాడు. వార్డు వాళ్లందరికీ ఫోన్లు చేసి చెప్పాడు, నా ఫోనుతోనే. ఆడపిల్ల బరువు వేసుకుని అడవిలో నడుస్తోందంటే ఈయనకు ఇంత గర్వం ఉందని నాకు తెలియదు. మిగతా సగం మేలో చెప్తాను.

నడకలో కాళ్లకు పొక్కులు రాకముందే, మంట మొదలైనప్పుడే ఆగి పట్టీ వేసుకో. ఎక్కేటప్పుడు నడుం పట్టీ బిగించు. ముందుకు వంగి నడవకు. వంగాల్సి వస్తోందంటే సంచి తప్పుగా సర్దావని అర్థం.

ఇక నేనడిగిన లెక్క. వరుణ్‌ను అడిగావో లేదో రాయలేదు. పరీక్షలో పిల్ల వదిలేసిన ప్రశ్నే ఆమె అన్నిటికంటే ఎక్కువసార్లు చదివి ఉంటుందని నా ముప్పై ఏళ్ల అనుభవం.

నాయినమ్మ

*

భూపాలపల్లి,
జాతర అయ్యాక

నాయినమ్మకు,

దించాను. గద్దె దగ్గర తొక్కిసలాటలో మూట చేతుల్లోంచి ఎటు పోయిందో చూసే వీలు కూడా లేదు. భుజాలు ఖాళీ కాగానే మనిషి గాల్లోకి లేచినట్టు ఉంటుందని ఎవరూ చెప్పలేదు. నువ్వూ చెప్పలేదు.

రెండు రాత్రులు దారిలో పడుకున్నాం. గంగి, ప్రేమ్‌సింగ్, నిఖిల్, నేను. నిఖిల్ తన ఎత్తు బంగారం నా వీపు మీద ఉందని దారి పొడుగునా అందరికీ చెప్పాడు. పట్టీలు మొదటి రోజు సరిగా బిగించుకోలేదు, భుజాలు కమిలాయి. రెండో రోజు నీ మాట విన్నాను.

రెండో రోజే వరుణ్ కారులో వచ్చాడు. అద్దం దించి, "ఎక్కు తనూ, ఎవలు చూస్తరు?" అన్నాడు. చుట్టూ వేలమంది నడుస్తున్నారు. కనీసం బ్యాగు ఇయ్యి, డిక్కీలో వేస్తానన్నాడు. గంగి వంగి కారు లోపలికి చూసింది. "మొక్కింది కారా బిడ్డా?" అంది.

అతను తిరిగి పోలేదు, దిగి నడవనూ లేదు. ఫస్టు గేరులో నా వెనకే వచ్చాడు. ఎడ్లబండ్లన్నీ అతని వెనక ఆగాయి. బండి మీద నుంచి ఒక ముసలాయన, "ఓ సారూ, నడిస్తే నడువు, నడిపితే నడుపు, మా ఎడ్లు పెండ పెట్టుకుంట నిలబడ్డయి" అని అరిచాడు.

నీళ్లు తాగడానికి ఆగినప్పుడు అడిగాను. "మేల మనం గిట్లనే నడుస్తం గదా?" అతను రోడ్డు వైపు చూశాడు. "ఆఁ, చూద్దాం. ముందు గిదైతే కానీ" అన్నాడు. తర్వాత కారు ఏసీ పెట్టుకున్నాడు.

కాళ్లు బాగానే ఉన్నాయి.

తనూజ

*

మహబూబాబాద్,
శివరాత్రి వెళ్లిన వారం

చి. తనూజకు,

ఊరి పేరు చూసి ఉలిక్కిపడకు. ముహూర్తాల సంగతి మాట్లాడి వస్తానని మీ నాయినకు చెప్పి రైలెక్కాను. నిజానికి నా లెక్క ఇంకా తేలలేదు. తేలని లెక్క పెట్టుకుని నేను నిద్రపోలేను. రైల్లో మాత్రం నిద్రపోయాను. లేచేసరికి డోర్నకల్. అక్కడ చాయ్ తాగి, వెనక్కి వచ్చే బండి పట్టుకుని, వరుణ్ వాళ్ల గుమ్మం తొక్కేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. పెద్దవాళ్లు ఎరువుల దుకాణంలో ఉన్నారు. ఇంట్లో అలేఖ్య ఒక్కతే.

సోఫా పైన గోడకు వరుణ్ ఫోటో ఉంది. వెనక మంచుకొండ, ఇతను రెండు వేళ్లు చూపిస్తున్నాడు, చుట్టూ చిన్న లైట్లు. పోయినేడు ఎక్కిన కొండ అట. దేవుడి గదిలో దేవుళ్లకు అన్ని లైట్లు లేవు.

పిల్ల మంచిది, కల్లాకపటం లేదు. అన్నం పెట్టింది. మేలో చలికి తట్టుకుంటావా బిడ్డా అని మాట కలిపాను. ఆమె నవ్వింది.

"మాకేం చలి నాయినమ్మా? నేను, వదిన లాడ్జిలనే ఉంటం. గీజరుంటది. అన్నోళ్లు నడ్సి అస్తరు. అందుకే వదినెకు చిన్న బ్యాగు."

"వదినెకు తెలుసునా?"

"అన్న చెప్పే ఉంటడు" అంది. తర్వాత నా ముఖం చూసి పెరుగు వేయడం మరిచిపోయింది.

ఇదీ తేలిన లెక్క. ఇరవై లీటర్లు లాడ్జికి సరిపోతాయి. నీకు ఎట్లా చెప్పాలా అని చాలాసేపు ఆలోచించాను. అలవాటు లేదు కనుక మెత్తగా రాయడం రాలేదు. సాయంత్రం పెద్దవాళ్లు దుకాణం నుంచి వచ్చాక కూడా ముహూర్తాల గురించి నేను ఏం మాట్లాడలేదు. పంచాంగం కళ్లజోడుతో పాటు జనగామలో మరిచిపోయానని చెప్పాను. కళ్లజోడు అప్పుడు నా ముక్కు మీదే ఉంది. వియ్యపురాలు మర్యాదస్తురాలు, చూడనట్టే చాయ్ ఇచ్చింది.

నాయినమ్మ

*

భూపాలపల్లి

నాయినమ్మకు,

నాకు తెలుసు.

బ్యాగు కొనే ముందు, ఎన్ని లీటర్లది తేవాలో అడుగుదామని ఆ నడక నడిపించే వాళ్లకు ఫోన్ చేశాను. నడిచే వాళ్లలో నా పేరు లేదన్నారు. లాడ్జి గదిలో ఉందన్నారు. బ్యాగు ఆ తర్వాతే కొన్నాను.

నీకు రాయలేదు, ఎందుకంటే రాస్తే నువ్వు రైలెక్కుతావు. అతనే చెప్తాడని చూశాను. బ్యాగు ఫోటో పంపినప్పుడు చెప్పొచ్చు. మేడారం దారిలో అడిగినప్పుడు చెప్పొచ్చు. కారు ఫస్టు గేరులో ఉంది, అతనికి వేరే పని కూడా లేదు.

నిన్న వేరే గుంపులో నా పేరు నేనే రాయించుకున్నాను. మే మొదటి వారం. నడిచే వాళ్లలోనే.

ఉంగరం ఇంకా వేలికే ఉంది. తీయాలో ఉంచాలో దానికీ లెక్క ఏమైనా ఉంటే రాయి.

తనూజ

*

జనగామ,
ఉగాది ముందు

చి. తనూజకు,

ఉంగరానికి నా దగ్గర సూత్రం లేదు. నా పాఠంలో అది లేదు.

నిన్న వరుణ్ వచ్చాడు. నీ పేరు వేరే గుంపులో ఉందని అతనికి తెలిసిందట. కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. చాలా గాయపడిన ముఖం.

"ఒక్క మాట చెప్పలే నాయినమ్మా. ఎంత అడిగినా చూద్దాం చూద్దాం అన్నది. పెండ్లి చేసుకునేటోల్ల నడుమ దాపరికం ఉండొచ్చా?"

నేను చాయ్ పోశాను. తాగాడు. మళ్లీ పోశాను.

"ఉండొద్దు బిడ్డా" అన్నాను. "లాడ్జి సంగతి నువ్వు తనకు ఎప్పుడు చెప్పినవు?"

రెండో కప్పు పక్కకు జరిపాడు. తర్వాత చెప్పాడు. లాడ్జి ఎందుకో, అతనికి దేని భయమో, అంతా. అది నీకు రాసే హక్కు నాకు లేదు. విన్నాక అతని మీద నా కోపం సగానికి తగ్గిందని మాత్రం రాస్తాను. మిగిలిన సగం అట్లాగే ఉంది.

"నాకు కాదు, తనకు చెప్పు" అన్నాను. ఫోన్ ఎత్తడం లేదన్నాడు. ఉత్తరం రాయమన్నాను. ఫోన్లో మాట్లాడితే ఫోనే రాసుకుంటుంది కదా అన్నాడు. కాగితం, పెన్ను ముందు పెట్టాను. కొత్తగా బడికి వచ్చిన పిల్లాడిలా చూశాడు.

"మొదలు ఏం రాయాలె?"

"ఊరి పేరు రాయి. అదెట్లాగూ నిజమే ఉంటది."

మధ్యాహ్నం దాకా రాశాడు. మడిచి ఇచ్చాడు. దీనితో పంపుతున్నాను. విప్పలేదు. వెలుగుకు ఎత్తి చూశాను, కాగితం మందంగా ఉంది.

అతను పోయాక మీ నాయినకు మిగతా సగం చెప్పాను. మొదట, "గుట్టలెక్కుడేందమ్మా?" అన్నాడు. మేడారం నడకకు గ్రూపులో తను పెట్టిన దండం బొమ్మలు చూపించాను, గుట్టలెక్కేదీ ఆ కాళ్లే అన్నాను. తర్వాత సంబంధం ఉంటుందా అని అడిగాడు. దంతాలపల్లిలో వరుణ్ మేనమామ చేతిలో కొన్ని ఓట్లున్నాయి, అది ఈయన బెంగ. పిల్ల పోయేది ఉత్తరానికి, ఓట్లు ఉండేది దక్షిణానికి, మధ్యలో నన్ను అడగకు అన్నాను. పడుకునే ముందు మళ్లీ వచ్చాడు. "అమ్మా, అక్కడ బాగ చలుంటదట గదా. దాని దగ్గర మంచి స్వెటరున్నదా?" అన్నాడు. ఇది అనుమతి. ఇంతకంటే పెద్ద అనుమతి మీ నాయిన దగ్గర దొరకదు.

నాయినమ్మ

*

భూపాలపల్లి,
చైత్రం

నాయినమ్మకు,

వరుణ్ ఉత్తరం చదివాను. రెండు పేజీలు క్షమాపణలు, నాలుగు వాక్యాలు ఎండల గురించి, అడుగున ఒక చిన్న నిజం. పోయినేడు అతను కొండ ఎక్కలేదు. రెండో రోజే వెనక్కి తిరిగి, దోస్తులు వచ్చేదాకా లాడ్జిలో కూర్చున్నాడు. ఆ ఫోటో లాడ్జి పెరట్లోది. ఈసారి నేను పక్కన నడిస్తే ఎక్కడ కూలబడతాడో చూస్తాను కదా, అది భయం. అందుకని నన్ను గీజరు దగ్గర పెట్టాడు.

నాకు జాలి కలిగింది. జాలి కలిగినందుకు ఒళ్లు మండింది. రెండూ తగ్గాక జవాబు రాశాను. నీకోసం నకలు తీశాను:

"వరుణ్‌కు, నువ్వు రెండో రోజు తిరిగి వచ్చినందుకు నాకు కోపం లేదు. ఆ ఫోటో కింద కూర్చోబెట్టి మా వాళ్లందరికీ చాయ్ పోయించావు, దానికి ఉంది. నన్ను లాడ్జిలో రాయించి పూలు చూసుకోమన్నావు, దానికి ఇంకా ఉంది. నేను మే మొదటి వారం పోతున్నాను. తర్వాతి గుంపులో ఖాళీలున్నాయట. నాతో రావద్దు. పోతే నువ్వొక్కడివే పో, నీ బ్యాగు నువ్వే మొయ్యి. ఎక్కడిదాకా నడిచావో వచ్చాక చెప్పు. రెండో రోజే అయితే రెండో రోజని చెప్పు, నేను నవ్వను. చలికి వేళ్లు ఉబ్బుతాయంటే ఉంగరం తీసి బీరువాలో పెట్టాను. వాపస్ తీసుకోమని అనడం లేదు. మళ్లీ తొడుక్కుంటానని కూడా అనడం లేదు. నీకు చెప్పకుండా పేరు రాయించుకున్నాను, అది నీ దగ్గరే నేర్చుకున్నాను. ఇకముందు చేయను. తనూజ."

గంగికి చదివి వినిపించాను. "గింత పొడుగెందుకు? రమ్మను, లేకుంటే పొమ్మను" అంది. తర్వాత తనే, "సరే, కొన్ని దినాలు నడ్సి చూడనియ్యి" అంది.

నాయిన రెండు స్వెటర్లు పంపాడు. రెండూ మగవాళ్లవి. ఒకటి పార్టీ రంగు, అది నిఖిల్‌కు దుప్పటి అయింది.

నిన్న వరుణ్ నుంచి జవాబు వచ్చింది. ఈసారి క్షమాపణ ఒక్కటి కూడా లేదు, ఎండల ఊసు లేదు. తర్వాతి గుంపులో పేరు ఇచ్చానని ఒక వాక్యం. బరువు వేసుకుని ఇంటి నుంచి స్టేషన్ దాకా నడిచానని, సగం దూరంలోనే భుజాలు పడిపోయాయని ఇంకో వాక్యం. కింద, "బ్యాగు ఎట్ల సదరాలె? ఏది కింద పెట్టాలె, ఏది మీద పెట్టాలె? నాకు తెల్వదు" అని రాశాడు.

నాకు తెల్వదు అనే మాట అతని నోట నేను ఇదే మొదటిసారి వినడం.

జవాబు రాస్తాను, నాయినమ్మా. రేపు రాస్తాను. ఇవాళ నా బ్యాగు సర్దుకోవాలి.

నీ
తనూజ